నవ్వుము గాని నవ్వులపాలు చేయకుము

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మైలాపూరునుండి నీవు వ్రాసిన దీర్ఘమైన జాబు చేరినది. నేను దానిని చదువుచుండగా మీ పెద్దమ్మ వంటింటినుండి వచ్చి కూర్చుండి, మీ పాప మాటలున్న భాగమును మరల మరల చదివించుకొని, కన్నీరు వచ్చునంతగా నవ్వినది. కిందటి వేసవిలో పాప తెనాలి వచ్చినప్పుడు జరిగినవి మేమును మఱచిపోలేదు. ఎండలో ఆడివచ్చి గడపలో నిలిచి "అమ్మమ్మా, నాకు తన్ని కావాలి" అని ఆ పసిది అడుగగా, మంచినీళ్లను తమిళులు 'తన్ని' అందురని యెఱుగని మీ పెద్దమ్మ, తన్నవలసినంత అపరాధ మెవరు చేసిరో తెలియక నివ్వెరపోవుటయు, కూరగాయలవాడు తూకము వేయుచున్నాడని నేను చెప్పగా, 'తూక్కం' అనగా నిద్రయని తన తమిళ నానమ్మ యొడిలో నేర్చిన ఆ పిల్ల, తక్కెడలోని బంగాళాదుంపలను జాలిగా చూచి "పాపం, వాటికి నిద్రొస్తోందా?" అని ప్రశ్నించుటయు, "అన్నం మాడిపోయింది" అన్న కేక వినబడగానే, మేడను 'మాడి' యని వ్యవహరించు నింట పెరిగినది గనుక, డాబా మెట్లవైపు పరుగెత్తి అన్నము పైకి పోయిన జాడ వెదకుటయు, తలచుకొన్న కొలదియు నవ్వు పుట్టించునవే.

అయితే, అమ్మాయీ, నీ జాబు చివరి పుటలో, ముగించుటకు ముందు ఏదో జ్ఞప్తికి వచ్చినట్లుగా, "ఈమధ్య పాప నాతో తెలుగు మాట్లాడటం తగ్గించింది, ఏమడిగినా తమిళంలోనే జవాబు చెబుతోంది" అని యొక వాక్యము వ్రాసితివి. పాప ముద్దుమాటలను ఇంటికి వచ్చిన చుట్టముల యెదుట మరల చెప్పించుచున్నాననియు, ఫోనులో పట్టి వాట్సాప్‌లో బంధువులకెల్ల పంపుచున్నాననియు మొదటి పుటలోనే వ్రాసియుంటివి. ఈ రెండు సంగతులకు నడుమ కార్యకారణసంబంధము కలదని నా యనుమానము. ఈ జాబు ముఖ్యముగా అందునుగూర్చియే.

పసివాండ్ర వింతమాటలలో అవివేకముకంటె వివేకమే హెచ్చు. రష్యాదేశపు బాలసాహిత్యకర్త కొర్నేయ్ చుకోవ్‌స్కీ ఏండ్ల తరబడి పిల్లల పలుకులను సేకరించి, "రెండు మొదలు అయిదు వఱకు" అను పేరుగల గ్రంథముగా కూర్చి, ఆ వయస్సులోని బిడ్డ విన్నదానిని వల్లించుటతో తృప్తిపడక, భాషలోని సూత్రములను తానై ఊహించి ప్రయోగించునని చూపెను. నీ కూతురి 'కల్లు' సంగతియే తీసికొనుము. నాతో వీధిని నడచుచు "తాతయ్యా, దారిలో కల్లుంది, చూసుకో" అని యది హెచ్చరించినప్పుడు, అరుగుమీది పెద్దమనుష్యులు నా నడవడిని శంకించి గొల్లున నవ్విరి. పిల్ల చేసినదేమి? తమిళమున హల్లుతో ఆగిపోవు మాట తెలుగున ఉకారముతో ముగియునని నాలుగేండ్ల ప్రాయమున గ్రహించినది. పాల్ పాలగును, కాల్ కాలగును, విల్ విల్లగును, ముళ్ ముల్లగును, కావున రాయి యను నర్థముగల కల్ కల్లే కావలెను! సూత్రము సరియైనదే, ఉదాహరణమే అడ్డము తిరిగినది. తెలుగు, తమిళములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, ఒక్క కుదుటినుండి వచ్చినవనియు 1816లో మద్రాసు నగరమున ఎల్లిస్ దొర, కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసములో ధాతువుల పట్టికలు చూపి వాదించెను. ఆ చుట్టరికమును నీ కూతురు పట్టికల పనిలేకుండ, పాలగ్లాసు చేతబట్టుకొని కనిపెట్టినది. ఇంత యూహకు ప్రతిఫలముగా దానికి దక్కినది పదిమంది పకపకలు.

నవ్వవలదని నేను శాసించుట లేదు. పిల్లలున్న ఇంట నవ్వక యుండుట యెవరి తరము? తాను పలికినది వింతగా నున్నదని తానే గ్రహించి కిలకిలలాడు బిడ్డకు నవ్వు ఒక ఆటవస్తువు; దాహమైనదనియో, భయమైనదనియో మనసార ఒక సంగతి చెప్పుకొనగా, సంగతిని విడిచి మాటను మాత్రము పట్టుకొని మనము నవ్వినప్పుడు అదే నవ్వు అవమానమగును. తన్ని యడిగిన పిల్లకు ముందు నీళ్లియ్యవలెను. మన నవ్వు ఆ తరువాత. ఒకే భాష తెలిసిన బిడ్డ యెంత నొచ్చుకొన్నను ఆ భాషనే పట్టుకొని యుండక తప్పదు. రెండు భాషల బిడ్డకు తప్పించుకొను దారి యున్నది: నవ్వులపాలైన భాషను విడిచి రెండవదానిలోనికి జరిగిపోవును. మీ ఇంట తండ్రిది తమిళము, నానమ్మది తమిళము, పాలవానిది తమిళము, బడిలోని స్నేహితులది తమిళము. తెలుగునకు దిక్కు నీ నోరొక్కటియే. దేనిని విడిచినను దినము గడచునో ఆ పసిది చక్కగా ఎఱుగును.

కావున చుట్టముల యెదుట "అది మళ్లీ చెప్పవే" అని బిడ్డను నిలువబెట్టుట నేటితో మానుము. ఫోనులో పట్టి పంపుటయు మానుము. దానికి మాఱుగా ఒక నోటుపుస్తకము పెట్టి, పాప అన్న మాట, అన్న తేది, అప్పుడు దాని మనస్సులోనున్న ఉద్దేశము వ్రాసియుంచుము. మూడవది వ్రాయుటకు పూనినప్పుడు నీ నవ్వులో సగము ఆశ్చర్యముగా మాఱుట నీకే తెలియవచ్చును. తప్పు పలికినచోట "అలా కాదు" అని ఖండింపక, "అవును తల్లీ, పెద్ద రాయే ఉంది, పక్కనుంచి పోదాం" అని సరియైన మాటను నీ జవాబులో ఇమిడ్చి చెప్పుము. అది తమిళమున బదులిచ్చినను నీవు తెలుగుననే సంభాషణ సాగింపుము. తెలుగులో అడిగిననే గాని బొమ్మ యియ్యనని బేరము పెట్టకుము. ఫ్రెంచి తండ్రికిని జర్మను తల్లికిని పుట్టిన తన కుమారునితో భార్యాభర్తలిద్దరును ఎవరి భాషలో వారే మాటాడుచు పెంచిన విధమును రోంజా యను భాషావేత్త 1913లో గ్రంథముగా ప్రకటించెను. ఆ బాలుడు రెండు భాషలును చక్కగా నేర్చెను. అందులకు వలసినది నియమమును ఓర్పును, దండన కాదు.

ఇక మీ అత్తగారి సంగతి. "పాట్టి వందుచ్చు", అనగా 'నానమ్మ వచ్చింది', అని పాప అన్నందులకు ఆమె మనస్సు కష్టపెట్టుకొన్నదని వ్రాసితివి. ఆమె కష్టమునకు కారణమున్నది. తమిళమున స్త్రీకి వేఱు క్రియారూపము, పెద్దలయెడ గౌరవరూపము, పశువులకును వస్తువులకును మఱియొక రూపము కలవు. పాప వాడినది ఈ కడపటిది. తెలుగుననో, అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మనము తల్లికిని బండికిని ఒక్క క్రియతోనే సరిపెట్టుకొందుము. పాప తెలుగు వ్యాకరణముతో తమిళము పలికినదే గాని నానమ్మను పశువులలో చేర్చలేదు. ఇది నీవు నవ్వుచు కొట్టివేయవలసిన విషయము కాదు. ఆమె యొద్ద కూర్చుండి వినయముగా విప్పి చెప్పి, "మీరే దానికి 'వందాంగ' అని నేర్పండి అత్తయ్యా" అని ఆ పని ఆమెకే అప్పగింపుము. గౌరవవాచకములు నేర్పుటకు నానమ్మను మించిన గురువు లేదు.

రెండు భాషలవలన బిడ్డ బుద్ధి చెదరునని ఆమె భయపడుచున్నదట. ఆ భయము ఆమె యొక్కతెది కాదు. పూర్వము పండితులును అట్లే తలచిరి. 1962లో పీల్, లాంబర్ట్ అనువారు మాంట్రియల్ నగరమున పదేండ్ల పిల్లలను పరీక్షించి, ఫ్రెంచి ఇంగ్లీషులు రెండును బాగుగా తెలిసినవారు ఒక్క భాషవారికంటె బుద్ధిపరీక్షలలో ముందుండిరని ప్రకటించిన పిమ్మట ఆ తలంపు సడలసాగెను. అయినను నీవు ఈ పరీక్షల పేరు చెప్పి అత్తగారితో వాదమునకు దిగకుము. ఆమె ప్రతి ప్రాతఃకాలమున త్యాగరాజకృతులు పాడుకొనునని నీవే చెప్పియుంటివి. కావేరీతీరమున తిరువయ్యారులో నివసించి ఆ మహానుభావుడు తెలుగున రచించిన కృతులను తమిళగృహములు తరతరములుగా కంఠస్థము చేసి కాపాడుచున్నవి. అనగా మీ ఇంటి పూజగదిలో నీకంటె ముందే తెలుగు కాపురమున్నది. "పాట్టి రోజూ రాముణ్ణి అడుగుతూనే ఉంది, ఆయన పలకడేం? రాముడికి తెలుగు రాదేమో, తమిళంలో అడగమను" అని పాప నీతో అన్నదట గదా! ఆ ప్రశ్నను అత్తగారియొద్దకే చేర్పుము. నానమ్మ పాట నేర్పును, మనుమరాలు నిన్నడిగి వచ్చి అర్థము చెప్పును. తెలుగు పనికివచ్చు భాషయని బిడ్డకు తెలియుటకు ఇంతకంటె మంచి యుపాయము నాకు తోచదు.

చదివి వినిపించుటకు పుస్తకములు అడిగితివి. 1947 జూలైలో మద్రాసునుండియే తెలుగున 'చందమామ', తమిళమున 'అంబులిమామ' జోడుగా వెలువడినవి. పాత సంచికలు చిక్కినచో రెండు భాషలవియు సంపాదింపుము. రాత్రి నీవొక కథను తెలుగున చదువుము. మఱునాడు అల్లుడు తమిళమున కథ వినిపించును. రెండింటికిని భేదము కనిపెట్టి పాప అడుగు ప్రశ్నలకు మీరిద్దరును ఓపికగా సమాధానము చెప్పుడు. ఏమియు తోచనిచోట తోచలేదని ఒప్పుకొనుడు. పసిపిల్లకు అది తప్పుగా కనబడదు.

సంక్రాంతికి మీరందరు తప్పక రావలెను. పాప మాటలు వినవలెనని ఇరుగుపొరుగువారు ఇప్పుడే అడుగుచున్నారు. పాప చేత ఏమియు చెప్పింపబోమని నేను వారికి ముందే తెలిపియుంచినాను. మీ అత్తమామలకు మా నమస్కారములు. చిరంజీవి అల్లునికి ఆశీస్సులు, పాపకు ముద్దులు.

ఇట్లు,
మీ పెదనాన్న