నీటి పంపు లేని కారు

కార్ల పుస్తకాలనగానే రంగురంగుల ఫోటోలే గుర్తుకొస్తాయి. ఫియట్ ఇంజనీరు డాంటే జియాకోసా (1905–1996) రాసిన పుస్తకం అలాంటిది కాదు. ఆ కంపెనీలో తన నలభై ఏళ్ల డిజైన్ పనిని ఆయన 1979లో గ్రంథస్థం చేశాడు. ఇంగ్లీషులోనూ వచ్చింది.

ఆయన కార్లలో మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసింది 1936 నాటి 'టోపోలినో', అంటే చిట్టెలుక. 569 సీసీ, నాలుగు సిలిండర్లు, 13 హార్స్‌పవర్. కారు చిన్నదిగా, చవకగా ఉండాలి. అందుకని ఇంజనును ముందు ఇరుసు కంటే ముందుకు జరిపి, రేడియేటరును దాని వెనుక ఎత్తులో పెట్టాడు. ఇంజనులో వేడెక్కిన నీరు తేలికై పైకెక్కుతుంది. రేడియేటరులో చల్లబడి, బరువెక్కి, మళ్లీ కిందికి దిగుతుంది. పంపు ఖర్చు మిగిలింది! మనం రెండు మార్కుల కోసం బట్టీపట్టే ఉష్ణసంవహనమే ఇది. పెద్ద ఇంజన్లకు మాత్రం ఈ ప్రసరణ చాలదు.

ఆయన పని మన దేశానికీ వచ్చింది. బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని నిజానికి ఫియట్ 1100 కారే. దాని 1089 సీసీ ఇంజనుకు మూలం 1937లో జియాకోసా రూపొందించిన 508సి. పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా ముంబయిలో తిరిగాయి.

తమ్ముళ్లూ, మెకానిక్ షెడ్డులో బానెట్ ఎత్తిన కారు కనిపిస్తే, నీటి పంపు ఎక్కడుందో అడిగి చూడండి.