దూరమునుండి చూచుట

జనగామకు సమీపమున పెంబర్తి యను గ్రామము కలదు. అచటి శిల్పులు ఇత్తడి రేకుపై ఉలి నానించి, చిన్న సుత్తెతో కొట్టుచు పూవులను, లతలను, దేవతామూర్తులను తీర్చుదురు. ఉద్యోగ విరమణానంతరము నేను కెమేరా చేతబట్టి మొదట పోయినది ఆ యూరికే. ఒక శిల్పి యనుమతి గైకొని, అతడు పనిచేయుచుండగా చిత్రము తీసితిని. ఇంటికి వచ్చి చూడగా అందు గోడ గడియారము, మూలనున్న గోనెసంచి, గుమ్మమున నిలిచిన పిల్లలు, అన్నియు కానవచ్చెను. పని మాత్రము కానరాలేదు.

లోపము కెమేరాది కాదు. నేను వాడినది 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల సామాన్య కటకము. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల చట్రముపై అది 3 మీటర్ల దూరమునుండి రెండు మీటర్లకు పైబడిన వెడల్పును పట్టును. 135 మిల్లీమీటర్ల కటకమైనచో అంతే దూరమునుండి 80 సెంటీమీటర్లను మాత్రమే పట్టును. ఇట్లు దూరవస్తువును పెద్దదిగా చూపు కటకమునకు టెలిఫోటో కటకమని పేరు. ముందు కుంభాకార కటకముల కూటమిని, వెనుక పుటాకార కటకముల కూటమిని అమర్చి, నాభ్యంతరముకంటె పొట్టిదైన గొట్టములో దీనిని ఇముడ్చు ఉపాయమును 1891లో లండనులో థామస్ డాల్మేయర్ చూపెను. జర్మనీలో మరికొందరును అప్పుడే దానిని కనుగొనిరి.

మరల పెంబర్తికి పోయినప్పుడు ఇట్టి కటకమును గొనిపోయితిని. చట్రములో రెండు చేతులు, ఉలి, సగము విచ్చిన ఇత్తడి పూవు మాత్రమే నిలిచినవి. కటకద్వారమును వెడల్పుగా తెరచుటచే వెనుకనున్న గోడ మసకబారెను. శిల్పి ఆ చిత్రమును చూచి, "ముఖము లేకున్నను ఇది నేనే" యని నవ్వెను. చిత్రరచనలో ఏది చేర్చవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఏది విడువవలెనో తెలియుటయు అంత ముఖ్యము.

నా కటకము నాభ్యంతరము మారని ప్రైమ్ కటకము. జూమ్ కటకమువలె వలయము త్రిప్పి దృశ్యమును దగ్గరకు తెచ్చుకొను వీలు దీనికి లేదు. మన కాళ్ళే కదలవలెను. కాళ్ళు కదలినచో దృశ్యము పరిమాణమే గాక పొందికయు మారును. భూపాలపల్లి జిల్లా గణపురములోని కాకతీయుల నాటి కోటగుళ్ళలో దీనిని పరీక్షించితిని. ఒకదాని వెనుక నొకటిగా రెండు మీటర్ల యెడమున్న రెండు సమాన స్తంభములను తలచుకొనుడు. మొదటిదానికి 2 మీటర్ల దూరమున నిలిచినచో రెండవది దానిలో సగమే కనబడును. 20 మీటర్ల దూరమునకు వెనుకకు జరిగినచో పదునొకండింట పది వంతులు కనబడును. స్తంభములు ఒకదాని నొకటి సమీపించినట్లు తోచును. ఈ మార్పు దూరమువలన కలిగినది. కటకము దానిని పెద్దదిగా చూపినది, అంతియే.

కాళ్ళు కదలవలెనను ఈ పాఠమును నేను ఒకసారి తప్పుగా అన్వయించితిని. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. ఒక వానకాలమున ఆ చెరువు దగ్గర తుమ్మచెట్టుపై తెల్లకొంగ గూడు చూచితిని. చట్రములో అది చిన్నదిగా నుండెను. పెద్దదిగా కావలెనని ముందుకు నడచితిని. కొంగ లేచిపోయెను. అది తిరిగి వచ్చునని అక్కడనే వేచితిని. నేనున్నంతవరకు అది రాలేదు. ఇంతలో కాకి యొకటి గూటిపై వ్రాలి గ్రుడ్డు నొకదానిని ఎత్తుకొనిపోయెను. ఆ తప్పును దిద్దుట నాకు సాధ్యము కాలేదు. వెంటనే వెనుకకు మరలితిని. చాల దూరము వచ్చి చూడగా కొంగ గూటికి చేరియుండెను. అప్పుడు తీసిన చిత్రములో పక్షి ఒక మూల చిన్నదిగా నున్నది, తక్కినదంతయు నీరే. నా చిత్రములలో నేను నేటికిని దాచుకొన్నది అదియే. దూరకటకము మనకు ఇచ్చినది దగ్గరకు పోవు హక్కు కాదు, దూరముగా నుండు వీలు.

బాలలారా! కెమేరా లేకున్నను ఈ విద్య నభ్యసింపవచ్చును. ఒక అట్టముక్కలో 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల రంధ్రము చేయుడు. ఒక కన్ను మూసి, దానిని రెండవ కంటికి 5 సెంటీమీటర్ల దూరమున పట్టి చూచినచో సామాన్య కటకము పట్టు దృశ్యము కనబడును. పదమూడున్నర సెంటీమీటర్ల దూరమున పట్టినచో నా కటకము పట్టు దృశ్యము కనబడును. దానితో మీ పాఠశాల ఆవరణలో తిరిగి, మీకు నచ్చినదానిని ఆ చట్రములో నిలుపుడు. ముందుకు, వెనుకకు నడచి చూడుడు. ఎదుట గూడున్నచో మాత్రము వెనుకకే నడువుడు.