పొగాకు రకములు – నోటి రోగములు

సూరత్ నగరమున లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో మరమగ్గములపై పనిచేయు తెలంగాణ నేతపనివారు అనేకులు కలరు. స్వగ్రామమున చుట్ట గాల్చినవాడు ఇచ్చట మావా నమలుచు, "పొగ మానితిని గదా" యని తృప్తిపడుట కలదు. అది పొరపాటు.

ఆకును ఆరబెట్టు విధమును బట్టి పొగాకు గుణము మారును. గుంటూరు వర్జీనియా ఆకును బ్యారన్‌లలో వేడిగొట్టములతో ఆరబెట్టుదురు. అందు చక్కెర నిలుచును. పొగ ఆమ్లగుణము కలదగును. కావున దానిని రొమ్ములోనికి పీల్చినగాని నికోటిన్ చాలినంత అందదు. గోదావరి లంకాకు చుట్టపొగయు, బర్లీ ఆకు హెచ్చుగా గల పైపు మిశ్రమముల పొగయు క్షారగుణము కలవి. పీల్చకున్నను నికోటిన్ నోటిపొరల గుండనే రక్తమున చేరును. పైపు పొగాకున కలుపు పరిమళములు ఘాటును మరుగుపరచును గాని విషమును హరింపవు.

మావాలోని సున్నము చేయునదియు ఈ క్షారకార్యమే. పైగా వక్క తానే క్యాన్సరు కారకము. గుజరాత్‌లో 2012లో గుట్కాను నిషేధించినను, పాన్‌కొట్లలో అప్పటికప్పుడు కలిపి యిచ్చు మావా వాడుక పోలేదు.

నోటిలో తెల్లని మచ్చగాని పుండుగాని రెండు వారములలో మానకున్నను, నోరు పూర్తిగా తెరచుట కష్టమైనను వెంటనే వైద్యునకు చూపవలెను. మానదలచినవారు 1800-11-2356 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.