ఒక్కచోట చెబితే చాలు

హాస్టల్ పిల్లలు గేటు దాటరు. కావలసినవి వాచ్‌మన్ తెచ్చిస్తాడు. కంప్యూటర్ గదిలో ఆ గేటు ఫైర్‌వాల్, ఆ వాచ్‌మన్ ప్రాక్సీ.

చిత్తూరులో మేము పాఠం చెప్పిన ఒక గదిలో బ్రౌజర్‌కు ప్రాక్సీ చిరునామా ఇచ్చాం, పేజీలు వచ్చాయి. పాఠాల సాఫ్ట్‌వేర్ మాత్రం దిగలేదు. దానికి విడిగా చెప్పాలని మాకు తెలియక, పిల్లలు వారమంతా ఖాళీ తెరలు చూశారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే చిరునామా ఒకసారి రాసిపెడితే, ప్రోగ్రాములన్నీ దాన్నే అడిగి తెలుసుకోవాలి. లినక్స్‌లోనూ విండోస్‌లోనూ అటువంటి చోటు ఉంది. దాన్ని పట్టించుకోని ప్రోగ్రాములూ ఉన్నాయి. 1996లో ప్రమాణంగా వెలువడిన సాక్స్ ఐదో వెర్షన్ వెబ్ పేజీలకే కాక ఇతర ప్రోగ్రాములకూ దారి చూపుతుంది. ఇది గోడ దూకడం కాదు, అనుమతితో గేటు గుండా పోవడం.

దాతలకు మా మనవి: కంప్యూటర్‌తోపాటు, దాన్ని అమర్చే మనిషికి ఒక పూట కూలి కూడా ఇవ్వండి. అప్పుడే మీ దానం పిల్లలదాకా చేరుతుంది.