ఫ్యూజా, ఒత్తా?

పిల్లలూ, జెబెల్ అలీలో మీ ఇంటి మూడు పిన్నుల ప్లగ్గులో చిన్న ఫ్యూజు ఉంటుంది. దానిమీద 3 అనో 13 అనో అంకె వేసి ఉంటుంది. కరెంటు మితిమీరితే లోపలి తీగ కరిగి తెగిపోతుంది. (నాన్నని చూపించమనండి, మీరు విప్పొద్దు!)

నిప్పంటించే ఫ్యూజులు వేరు. టపాకాయకి ఉండేదాన్ని కూడా ఇంగ్లీషులో ‘ఎస్’తోనే రాస్తారు. బాంబుని పేల్చే పరికరాన్ని మాత్రం సైన్యంవాళ్లు ‘జెడ్’తో రాస్తారు. పలకడం ఒక్కటే! పూర్వం మందు కూరిన గొట్టం నూలు వడికే కదురులా ఉండేది. అందుకే లాటిన్‌లో కదురుకున్న పేరు దానికి వచ్చింది.

మనకి టపాకాయది ఒత్తి. దీపంలోదీ ఒత్తే. దీపావళికి ఊరెళ్లినప్పుడు తాతయ్య “ఒత్తి ఆరిపోయింది, దగ్గరికెళ్లకు!” అని అరిస్తే అక్కడే ఆగిపోండి. లోపల ఇంకా రాజుకుంటూ ఉండొచ్చు.

ఖాళీలు పూరించండి:
ఇస్త్రీపెట్టె ప్లగ్గులో ______ పోయింది.
బాబాయి టపాకాయ ______ ముట్టించి వెనక్కి పరిగెత్తాడు.