సరస్సు అడుగు గట్టిదా, మెత్తనిదా?

కంటికి కనిపించని సరస్సు అడుగును ధ్వని సాయంతో తెలుసుకోవడమే సోనార్ విద్య. 1826లో కొలడాన్, స్టుర్మ్ అను శాస్త్రజ్ఞులు జెనీవా సరస్సులో నీటి లోపల గంట మ్రోగించి, ధ్వని అక్కడ సెకనుకు సుమారు 1435 మీటర్ల వేగంతో పయనిస్తున్నదని కనుగొన్నారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో ఈ వేగం దాదాపు 1480 మీటర్లు.

చేపలు పట్టే పడవలోని సోనార్ క్రిందికి ధ్వనిని పంపుతుంది. అది 10 మీటర్ల లోతుకు పోయి తిరిగి రావడానికి సెకనులో సుమారు 74వ వంతు కాలం చాలును. ఈ కాలాన్ని బట్టి లోతు తెలుస్తుంది. ప్రతిధ్వని బలాన్ని బట్టి గట్టిదనం తెలుస్తుంది. రాతి సాంద్రత, అందులో ధ్వనివేగం నీటికంటె ఎంతో అధికం. కావున అది ధ్వనిని బలంగా త్రిప్పికొడుతుంది. నీరు నిండిన బురద గుణంలో నీటికి సన్నిహితం; అది ధ్వనిని చాలవరకు లోనికి పోనిస్తుంది.

గట్టి అడుగునుండి వచ్చిన ధ్వని నీటి ఉపరితలాన్ని తాకి, మరల అడుగుకు పోయి వస్తుంది. అప్పుడు 10 మీటర్ల గీతకు తోడు 20 మీటర్ల వద్ద రెండవ గీత తెరపై కనిపిస్తుంది. గట్టిదనానికి ఇది మంచి గుర్తు.

అయితే పరికరపు గ్రహణశక్తిని పెంచితే మెత్తని నేల సైతం గట్టిగా తోచవచ్చు. కుళ్ళిన బురదలోని వాయుబుడగలు కూడ ధ్వనిని బలంగా త్రిప్పికొట్టగలవు. తెరను మాత్రమే నమ్మి లోతు తక్కువ చోట పడవ దిగినవాడు ఊబిలో చిక్కుకొనవచ్చు. కనుక సరస్సంతటా గ్రహణశక్తిని మార్చక, ఒకచోటి ప్రతిధ్వనిని మరొకచోటి దానితో పోల్చవలెను. చివరకు గడకర్రతో గ్రుచ్చి చూడవలెను. పరికరం సాక్ష్యం చెబుతుంది. తీర్పు మాత్రం విచారించి మనమే చెప్పాలి.