పోటు ఎరిగిన పిల్లలకు పాఠం చెప్పడం

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)

చిరంజీవి మేనకోడలిని ఆశీర్వదించి మేనమామ వ్రాయునది.

బి.ఎడ్. పూర్తిచేసి, అండమాన్‌లో తెలుగు పిల్లలు చదివే బడిలో చేరబోతున్న చిరంజీవికి, పరీక్ష కోసం చదివిన విద్యాతత్త్వాలు తరగతి గదిలో అక్కరకు రావన్న మాట ఈపాటికే చెవిన పడి ఉంటుంది. ఆ మాట నమ్మదగినది కాదు. ఏ తత్త్వమూ తనకు తెలియదనుకునే ఉపాధ్యాయుడు కూడా ఏదో ఒక తత్త్వాన్ని అనుసరించే పాఠం చెబుతాడు; పిల్లవాడు ఇంటినుంచి బడికి ఏమి తెచ్చుకుంటున్నాడన్న ప్రశ్నకు అతడి మనసులో ఉన్న జవాబే ఆ తత్త్వం.

ఆ జవాబు తప్పితే ఏమవుతుందో ఈ దీవుల చరిత్రే చెబుతుంది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల స్థావరాన్ని నెలకొల్పిన తరువాత, 1863లో హెన్రీ కార్బిన్ అనే మతాధికారి రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ను ప్రారంభించి, అక్కడికి చేర్చిన అండమానీయులకు ఇంగ్లీషు, దుస్తులు, క్రమశిక్షణ నేర్పితే నాగరికులవుతారని భావించాడు. అడవినీ సముద్రాన్నీ చదవగల వారి విద్య ఆ లెక్కలోకి రానే లేదు. తరువాతి దశాబ్దాలలో గ్రేటర్ అండమానీయుల సంఖ్య దారుణంగా పడిపోవడానికి బయటినుంచి వచ్చిన వ్యాధులు ముఖ్య కారణం కనుక, ఆ నష్టాన్నంతా ఒక్క బోధన మీదనే మోపడం న్యాయం కాదు. అయినా ఎదుటివారిని ఖాళీ పాత్రలుగా చూసిన బోధనకు అంతకన్న బాధాకరమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అదే 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిరిజనులైన సవరల భాషను ముందు తానే నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిన ఆయన, నేర్పేవాడు ముందు నేర్చుకోవాలన్న సూత్రాన్ని ఆచరణలో నిలబెట్టారు. దీవులలోని తెలుగు కుటుంబాలలో చాలా భాగం శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవే కాబట్టి, చిరంజీవికి ఆయన పరాయి పండితుడు కాదు, ఊరివాడే.

తత్త్వాల మధ్య భేదాన్ని ఒక్క పాఠంతో తేల్చుకోవచ్చు. జంగ్లీఘాట్ రేవు పక్కన పెరిగిన పిల్లలకు సముద్రపు పోటుపాట్లను బోధించవలసి వచ్చిందనుకుంటే, సమాజం కూడబెట్టిన మూలజ్ఞానాన్ని క్రమంగా అందించడమే బడి పని అనే సారవాదం, చంద్రుని ఆకర్షణ, రోజుకు రెండు పోట్లు, అమావాస్యకూ పున్నమికీ పెరిగే నీటిమట్టం మొదలైనవాటిని వరుసగా వివరించి అప్పజెప్పించుకుంటుంది. బి.ఎఫ్. స్కిన్నర్ పేరుతో ముడిపడిన ప్రవర్తనావాదం అదే విషయాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి సరైన జవాబుకూ వెంటనే మెప్పు అందేలా అమరుస్తుంది. జాన్ డ్యూయీ 1916లో వెలువరించిన ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’ వంటి గ్రంథాలతో బలపడిన ప్రగతివాదం, రేవులో ఒక గుంజ పాతించి, పక్షం రోజులపాటు నీటి గుర్తులు పెట్టించి, పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఎందుకు వస్తున్నదో పిల్లల చేతనే అడిగిస్తుంది. పియాజే, వైగాట్‌స్కీల పరిశోధనల మీద నిలిచిన నిర్మాణవాదం ఇంకొక అడుగు వెనక్కి వెళ్ళి, పడవ ఏ వేళకు దించాలో నాన్న ఎలా నిర్ణయిస్తాడని ముందుగా అడుగుతుంది. కొత్త తెలివి ఉన్న తెలివి మీదనే నిలుస్తుందని దాని విశ్వాసం.

చివరిదే గొప్పదని తీర్పు చెప్పడం తేలికే గాని, సరికాదు. పోటు వేళ ఎరిగిన పిల్లవాడు చంద్రుని ఆకర్షణను తనంతట తాను కనిపెట్టలేడు. దానిని ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పి తీరాలి. ఎక్కాలు వల్లె వేయక తప్పదు. ఒంటరిగా చేయలేని పనిని తెలిసినవారి సాయంతో చేయగలిగే మేరను వైగాట్‌స్కీ సమీప వికాస మండలం అన్నాడు. ఆ మేర ఎంతో కనుక్కోవాలంటే ముందు అడగాలి, తరువాత చెప్పాలి. క్రమం తిరగబడితే మంచి వివరణ కూడా పిల్లవాడి అనుభవానికి అంటకుండా జారిపోతుంది.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశంతో రూపుదిద్దుకున్న గాంధీజీ నయీ తాలీమ్, ఏదైనా చేతిపనిని కేంద్రంగా చేసుకొని మాతృభాషలో చదువు చెప్పాలన్నది. వల అల్లికలో లెక్కలు, పడవ తయారీలో భౌతికశాస్త్రం చెప్పవచ్చన్న ఆలోచన దీవులకు ఎంతో అందంగా అమరుతుంది. కాని పిల్లవాడు పడవ ఎక్కకుండా ఉండాలనే బడికి పంపిన తల్లి మాటను కూడా చిరంజీవి వినవలసి ఉంటుంది. కులవృత్తిని పాఠంలోకి తేవడం వేరు, పాఠం పేరుతో కులవృత్తికి కట్టివేయడం వేరు. ఈ గీతను నయీ తాలీమ్ అభిమానులు తగినంత గట్టిగా గీయలేదనే అనిపిస్తుంది.

చిన్న దీవిలో ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను చూసుకోవలసి వస్తే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ కేంద్రం రూపొందించిన బహుళ తరగతి పద్ధతి పరిశీలించదగినది. పాఠాన్ని కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లలా అమర్చడం వల్ల ప్రతి పిల్లవాడూ తన వేగంతో ఎక్కగలుగుతాడు, ఉపాధ్యాయుడికి వెనకబడినవారి పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది. వేర్వేరు వయసుల పిల్లలను ఒకే గదిలో కలిపి ఉంచాలన్న మాంటిస్సోరీ ఆలోచన కూడా దీనికి దగ్గరిదే. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఎందరో భారతీయ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

భాష విషయంలో మాత్రం రాజీ పడకూడదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. అయినా వీధిలో హిందీ, పుస్తకంలో గ్రాంథికపు వాసన గల తెలుగు, తల్లిదండ్రుల కలలో ఇంగ్లీషు ఉండగా, ఇంట్లోని శ్రీకాకుళం యాసకు చోటే మిగలదు. ఆ యాసలో జవాబు చెప్పిన పిల్లను నలుగురి ముందు సరిదిద్దితే, ఆమె మరునాడు చేయి ఎత్తదు. మొదట ఆ జవాబులోని విషయాన్ని అంగీకరించి, తరువాత దానినే పుస్తకభాషలో రాయించడం మేలు. కనీసం 5వ తరగతి వరకు వీలైనంతమేర మాతృభాషలో బోధించాలన్న 2020 జాతీయ విద్యావిధానం చిరంజీవికి అండగా ఉంది. ఇంగ్లీషు కావాలనే తల్లిదండ్రులకు ఆ భాషను శ్రద్ధగా, ఒక భాషగా నేర్పుతామని మాట ఇచ్చి, సైన్సు, లెక్కలు తెలుగులో ఎందుకు చెబుతున్నారో మొదటి సమావేశంలోనే వారి ముందు పాఠం చెప్పి చూపడం మంచిది.

ఇట్లు, ఆశీస్సులతో,
మేనమామ